ఒంట్లో పాత వైరస్‌లు, ఒంటి మీద మచ్చలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్‌ని కాదు. డిగ్రీ పిల్లలకు జన్యుశాస్త్రం చెప్పుకునేవాణ్ని. "మన డీఎన్‌ఏలో 8 శాతం వైరస్‌లదేనట" అన్న ముక్క వాట్సాప్‌లో తిరగడం మొదలయ్యాక, బంధువుల్లో చర్మజబ్బులున్న ప్రతివాళ్ళూ నన్ను పట్టుకుని అడుగుతున్నారు. సోరియాసిస్ ఉన్న మా మేనత్త అయితే ఫోన్ చేసి మరీ నిలదీసింది. అడిగినవాళ్ళకల్లా మళ్ళీ మళ్ళీ చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. మందుల సంగతి మాత్రం మీ చర్మవైద్యులు చెప్పిందే వినండి.

మన డీఎన్‌ఏలో వైరస్‌లు ఉన్న మాట నిజమేనా?

నిజమే. మనిషి జన్యు పటం తొలి చిత్తుప్రతి 2001లో వచ్చినప్పుడే ఈ లెక్క తేలింది. సుమారు 300 కోట్ల అక్షరాల పుస్తకం అనుకుంటే, అందులో 8 శాతం, అంటే 25 కోట్లకు కాస్త అటూఇటూగా, ఒకప్పటి రెట్రోవైరస్‌ల నుంచి వచ్చిన రాత. మన ఒంటికి కావలసిన ప్రొటీన్లన్నిటినీ తయారు చేసే రాత 2 శాతం కూడా ఉండదు. పొలం యజమాని వాటా కన్నా కౌలుదారు వాటా నాలుగింతలన్నమాట.

ఈ ముక్కలను శాస్త్రవేత్తలు క్లుప్తంగా హెర్వ్ అంటారు. మనిషి లోపలే పుట్టి పెరిగే రెట్రోవైరస్‌లు అని దాని అర్థం. వాటిలో మళ్ళీ కులగోత్రాలున్నాయి: హెర్వ్-కె, హెర్వ్-డబ్ల్యు, హెర్వ్-ఇ, హెర్వ్-హెచ్. ఆ చివరి అక్షరం ఒక అమైనో ఆమ్లానికి, అంటే ప్రొటీన్ కట్టే ఇటుకల్లో ఒకదానికి గుర్తు. కె అంటే లైసిన్, డబ్ల్యు అంటే ట్రిప్టోఫాన్. వైరస్ తన ప్రతిని తయారు చేసుకోవడం మొదలుపెట్టేటప్పుడు ఏ అమైనో ఆమ్లాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏను ఊతంగా పట్టుకుంటుందో, దాన్ని బట్టి పెట్టిన పేర్లు.

అవి లోపలికి ఎలా చేరాయి?

మామూలు వైరస్ వస్తుంది, నాలుగు రోజులు జ్వరం తెప్పిస్తుంది, పోతుంది. రెట్రోవైరస్ తీరు వేరు. అది ఆర్‌ఎన్‌ఏ రూపంలో వచ్చి, ఆ రాతను తిరగేసి డీఎన్‌ఏగా రాసి, మన కణం డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది. ఇలా తిరగరాసే ఎంజైమ్‌ను 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా కనిపెట్టారు. 1975లో నోబెల్ వచ్చింది. హెచ్‌ఐవీ ఈ జాతిదే.

అతికించేది ఊపిరితిత్తుల కణంలోనో రక్తకణంలోనో అయితే, ఆ మనిషితోనే కథ ముగుస్తుంది. కోట్ల ఏళ్ళ కిందట మన కోతి పూర్వీకుల్లో కొన్నిసార్లు అది అండంలోనో వీర్యకణంలోనో జరిగింది. ఆ కణం నుంచి పుట్టిన బిడ్డ ఒంట్లో ప్రతి కణంలోనూ ఆ రాత చేరింది. ఆ బిడ్డ నుంచి దాని బిడ్డకు, అక్కడి నుంచి తరతరాలకు. తాతల నాటి ఇంటితో పాటు గోడలో పాతిన మేకులు కూడా మనకే వచ్చినట్టు.

ఇదేదో పురాణకాలం ముచ్చట అనుకోకండి. ఆస్ట్రేలియాలో కోవాలా అనే జంతువుల్లో ఇప్పుడు, మన కళ్ళముందే జరుగుతోంది. క్వీన్స్‌లాండ్ వైపు దాదాపు ప్రతి కోవాలా డీఎన్‌ఏలోనూ ఆ రెట్రోవైరస్ చేరిపోయింది. దక్షిణానికి పోయేకొద్దీ తక్కువ.

అయితే అవి బతికే ఉన్నాయా?

మనుషుల్లో, తనంతట తాను వైరస్‌గా తయారై ఇంకో కణానికి పాకగలిగే హెర్వ్ ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. తరతరాల రాతప్రతుల్లో అక్షరదోషాలు పేరుకుపోయి అన్నీ పాడైపోయాయి. చాలావాటికి మధ్యలోని జన్యువులన్నీ రాలిపోయి, రెండు కొసల్లో ఉండాల్సిన ఎల్‌టీఆర్ అనే ముక్కలో ఒకటే మిగిలింది. గోడలు కూలి గుమ్మం మాత్రం నిలబడ్డ ఇంటిలా.

2006లో ఫ్రాన్స్‌లో తియెరీ హైడ్‌మన్ బృందం ఒక పని చేసింది. పాడైపోయిన హెర్వ్-కె ప్రతులను పక్కపక్కన పెట్టి, ఎక్కువ వాటిలో ఏ అక్షరం ఉందో చూసుకుంటూ, దోషాలు సరిదిద్ది అసలు వైరస్‌ను ప్రయోగశాలలో తిరిగి కట్టింది. దానికి ఫీనిక్స్ అని పేరు పెట్టారు. బలహీనంగానే అయినా అది కణాలకు సోకింది. మన ఒంట్లో ఉన్నది వైరస్ కాదు, వైరస్ రాత తాలూకు చినిగిన కాగితాలు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అయితే చినిగిన కాగితం మీద కూడా చదవగలిగే వాక్యాలు కొన్ని ఉంటాయి. కొన్ని హెర్వ్‌లు ఇప్పటికీ ఆర్‌ఎన్‌ఏ తయారు చేయగలవు, ఒకటి రెండు ప్రొటీన్లూ చేయగలవు. చర్మజబ్బుల గొడవంతా అక్కడే మొదలవుతుంది.

పనికిమాలిన చెత్త కదా, ఒళ్ళు దాన్ని ఎందుకు పారేయలేదు?

కొంత చెత్తే. కానీ కొంత మనకు కూడూ గుడ్డా పెడుతోంది. కడుపులో బిడ్డకూ తల్లికీ మధ్య మాయ ఏర్పడేటప్పుడు కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పొరగా మారాలి. ఆ పని చేసే సిన్సిటిన్-1 అనే ప్రొటీన్ ఒకప్పటి హెర్వ్-డబ్ల్యు వైరస్ పైతొడుగు. ఈ సంగతి 2000లో బయటపడింది. అన్నం ముద్ద కాసేపు నమిలితే తియ్యగా అనిపిస్తుందే, ఆ పని చేసే లాలాజల అమైలేజ్ జన్యువు పక్కన కూడా ఒక పాత వైరస్ ముక్క కూర్చుని ఉంది. ఆ జన్యువు లాలాజల గ్రంథిలో పలకడానికి అది తోడ్పడిందని 1992లో ఒక పరిశోధన చెప్పింది.

మన విషయానికి కావలసింది ఇంకొకటుంది. 2016లో ఎడ్వర్డ్ చువాంగ్, నెల్స్ ఎల్డీ, సెడ్రిక్ ఫెషాట్ అనే ముగ్గురు అమెరికాలో చూపించింది: ఇంటర్‌ఫెరాన్ అనే ప్రమాద సంకేతం అందగానే కొన్ని రోగనిరోధక జన్యువులను మేల్కొలిపే మీటలు నిజానికి పాత వైరస్ ముక్కలే. ఎయిమ్2 అనే జన్యువు దగ్గరున్న అలాంటి ముక్కను కత్తిరించి తీసేస్తే, ఆ జన్యువు ఇంటర్‌ఫెరాన్ పిలుపుకు సరిగా పలకలేదు. ఈ ఎయిమ్2 పని, కణంలో ఉండకూడని చోట డీఎన్‌ఏ కనబడితే కేకలేయడం. సోరియాసిస్ మచ్చల్లోని చర్మకణాల్లో అదే ఎయిమ్2 ఎక్కువగా ఉంటుందని 2011లోనే జర్మనీ వైద్యులు చూశారు.

అంటే పాత వైరస్‌లు దొంగ వేషంలోనూ ఉన్నాయి, దొంగ వస్తే మోగే గంట తీగల్లోనూ ఉన్నాయి. పూర్తిగా పీకి పారేద్దామంటే గంట కూడా పోతుంది.

మామూలుగా వాటి నోరు మూయించేది ఎవరు?

రెండు తాళాలున్నాయి. ఒకటి, డీఎన్‌ఏ అక్షరాల మీద మిథైల్ గుర్తులు. ఇవి ఉన్నచోట రాత చదవబడదు. రెండు, జింక్ ఫింగర్ ప్రొటీన్ల పటాలం. ఇవి ఒక్కో పాత వైరస్‌ను గుర్తుపట్టి, దాని చుట్టూ డీఎన్‌ఏను గట్టిగా చుట్టేయిస్తాయి. మనకు ఇలాంటి కాపలా జన్యువులు వందల్లో ఉన్నాయి.

కాపలా తప్పితే ఏమవుతుందో ఎలుకలు చెప్పాయి. లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) వచ్చే జాతి ఎలుకల్లో పాత వైరస్ పైతొడుగు ప్రొటీన్, దానికి వ్యతిరేక యాంటీబాడీలు కలిసి మూత్రపిండాల్లో పేరుకుంటాయని దశాబ్దాలుగా తెలుసు. ఆ ప్రొటీన్ అంతగా ఎందుకు పెరుగుతోందో చాలాకాలం అంతుచిక్కలేదు. 2019లో యేల్ విశ్వవిద్యాలయంలో అకికో ఇవసాకి బృందం తేల్చింది: ఆ ఎలుకల్లో రెండు కాపలా జన్యువులు చెడిపోయి ఉన్నాయి.

ఇన్ని అవయవాలుండగా చర్మం మీదే ఎందుకు పడుతుంది?

చర్మం ఒక్కదాని మీదే పడదు. కీళ్ళు, మూత్రపిండాలు, నరాల జబ్బుల్లోనూ ఈ చర్చ ఉంది. కానీ చర్మానికి రెండు బాధలు అదనం: ఎండ, సూక్ష్మజీవులు.

ఎండ సంగతి దగ్గరగా చూద్దాం. మధ్యాహ్నం పన్నెండు గంటలకు బస్టాపులో నిలబడ్డ ఒక ఆవిడ బుగ్గ మీద ఒక్క చర్మకణం. ఎండలోని అతినీలలోహిత-బి కిరణం దాని డీఎన్‌ఏను తాకి అక్కడక్కడా అక్షరాలను అతికించేస్తుంది. కణం మరమ్మతు మొదలుపెడుతుంది. ఆ హడావుడిలో తాళం వేసి ఉండాల్సిన రాతలు కొన్ని చదవబడతాయి, పాత వైరస్ ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. 1999లో జర్మన్ పరిశోధకులు సరిగ్గా ఇదే చూశారు: పెంచిన చర్మకణాల మీద ఆ కిరణాలు పడగానే హెర్వ్ రాత పలకడం పెరిగింది. కణంలో కావలి కాసే ప్రొటీన్లు ఆ ఆర్‌ఎన్‌ఏను చూసి బయటి వైరస్సేమో అని భ్రమపడితే ఇంటర్‌ఫెరాన్ విడుదలవుతుంది, పక్క కణాలకు కబురు పోతుంది. మామూలు మనిషిలో ఇది త్వరగానే సద్దుమణుగుతుంది. లూపస్ ఉన్న మనిషిలో ఆ బుగ్గ తర్వాతి రోజుల్లో ఎర్రబడి వారాల తరబడి ఉండిపోవచ్చు. మధ్యలో ఉన్న ఈ గొలుసులో ప్రతి లంకె విడివిడిగా కనబడినదే. ఒకే మనిషి బుగ్గ మీద మొదటి నుంచి చివరిదాకా ఎవరూ వరుసగా చూడలేదు. అది మరిచిపోకండి.

సూక్ష్మజీవుల సంగతి ఎలుకల్లో తేలింది. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే, సాధారణంగా హాని చేయని స్టెఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్ అనే బాక్టీరియా తగలగానే ఎలుకల చర్మకణాల్లో పాత రెట్రోవైరస్‌లు మేల్కొన్నాయి. ఆ మేల్కొలుపు వల్లే టి కణాలు అనే రోగనిరోధక తెల్లకణాలు చేరి, గాయం మానడానికి కూడా సాయపడ్డాయి. కానీ కొవ్వు దండిగా పెట్టిన ఎలుకల్లో అదే వ్యవహారం శ్రుతిమించి చర్మం వాచింది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను, అంటే పైన చెప్పిన తిరగరాసే ఎంజైమ్‌ను, ఆపే మందులిస్తే వాపు తగ్గింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో యాస్మిన్ బెల్కాయిద్ బృందం 2021లో ప్రచురించిన పని ఇది. ఈ మొత్తం రంగంలో చర్మానికి సంబంధించి నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇదే. మంచి, చెడు ఒకే పాత వైరస్ నుంచి ఎలా వస్తాయో చూపించింది కాబట్టి.

లూపస్‌కు పాత వైరస్‌లే కారణమా?

"కారణం" అనే మాట వాడలేను. "పాత్ర ఉంది" అంటే ఒప్పుకుంటాను.

లూపస్ అంటే ముక్కు మీదుగా రెండు బుగ్గలకూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి మచ్చ, ఎండ ఒంటికి సరిపడకపోవడం, కీళ్ళనొప్పులు, కొందరిలో మూత్రపిండాల దెబ్బ. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్ళే. వీళ్ళ రక్తకణాల్లో, ఏదో వైరస్ సోకినట్టుగా ఇంటర్‌ఫెరాన్ జన్యువులు మోగుతూ ఉంటాయని 2003లో తేలింది. మరి వైరస్ ఏది? బయట వెతికితే దొరకలేదు. చూపు లోపలికి మళ్ళింది.

ఆధారాలు కొన్ని చెబుతాను. లూపస్ రోగుల టి కణాల్లో మిథైల్ తాళాలు తక్కువగా ఉంటాయి. రక్తపోటుకు వాడే హైడ్రాలజీన్, గుండె లయకు వాడే ప్రొకైనమైడ్ కొందరిలో లూపస్ లాంటి జబ్బు తెప్పిస్తాయి. ఆ రెండూ మిథైల్ తాళాలను వదులు చేసే మందులే. మిషిగన్‌లో బ్రూస్ రిచర్డ్‌సన్ ఈ దారం పట్టుకుని చాలా ఏళ్ళు పనిచేశాడు. ఇక పోలికల గొడవ ఒకటి: లూపస్‌లోనూ దాని దగ్గరి జబ్బుల్లోనూ యాంటీబాడీలు దాడిచేసే మన సొంత ప్రొటీన్లలో యు1-70కె ఒకటి. అందులో ఒక భాగం రెట్రోవైరస్ లోపలి ప్రొటీన్‌ను పోలి ఉంటుందని 1987లోనే చూపించారు. దొంగ ముఖం, మన ముఖం ఒకలా ఉంటే దెబ్బ ఎవరికి పడుతుందో చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా సూటి ఆధారం 2021లో వచ్చింది, మళ్ళీ ఇవసాకి ప్రయోగశాల నుంచే. లూపస్ రోగుల రక్తంలో హెర్వ్-కె102 అనే ఒక ప్రత్యేక ముక్క తాలూకు పైతొడుగు ప్రొటీన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఎక్కువగా కనబడ్డాయి. ఆ ప్రొటీన్, యాంటీబాడీ కలిసి ముద్ద కడితే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు దాన్ని మింగి, తమ డీఎన్‌ఏనే వలలా బయటికి విసిరాయి. ఆ వల లూపస్‌కు మళ్ళీ మేత.

అయినా ఒక పేచీ మిగిలే ఉంది. ఇంటర్‌ఫెరాన్ పెరిగితే హెర్వ్‌లు మేల్కొంటాయి, హెర్వ్‌లు మేల్కొంటే ఇంటర్‌ఫెరాన్ పెరుగుతుంది. ముందు ఏది? రోగి వైద్యుడి దగ్గరికి వచ్చేసరికి చక్రం ఎప్పటి నుంచో తిరుగుతూనే ఉంటుంది. మొదటి తోపు ఎవరిదో అప్పుడు చూసి చెప్పలేం. చికిత్స మాత్రం ఆ వాదన తేలేదాకా ఆగలేదు. ఇంటర్‌ఫెరాన్ తలుపునే మూసే అనిఫ్రోలుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది.

పాత వైరస్ రాతకు, చర్మజబ్బుకు ఇంతకన్నా గట్టి లంకె ఉన్న జబ్బు ఏదైనా ఉందా?

ఉంది. చాలా అరుదైనది, అందుకే ఎవరూ అడగరు. నన్నడిగితే అసలు ముందు చదవాల్సింది దీని గురించే.

చలికి కాలివేళ్ళు, చేతివేళ్ళు, చెవుల అంచులు ఊదారంగు తిరిగి, వాచి, దురదపెట్టి, పుళ్ళవుతాయి. ఇది కుటుంబాల్లో తరతరాలుగా వస్తే వంశపారంపర్య చిల్‌బ్లెయిన్ లూపస్ అంటారు. దీనికి మూలం చాలామందిలో ట్రెక్స్1 అనే జన్యువులో లోపం. అదే జన్యువు రెండు ప్రతులూ చెడితే పసిపిల్లల్లో ఐకార్డీ-గుటియేర్ అనే మెదడు జబ్బు వస్తుంది. ఆ పిల్లల వేళ్ళ మీదా ఇవే మచ్చలు.

ట్రెక్స్1 చేసే పని ఊడ్వడం. కణంలో అక్కడా ఇక్కడా పడ్డ డీఎన్‌ఏ ముక్కలను కొరికి తినేస్తుంది. 2008లో డేనియల్ స్టెట్సన్, మరికొందరు చూపించింది ఏమిటంటే, ట్రెక్స్1 లేని కణాల్లో పేరుకునే ముక్కల్లో పాత రెట్రో మూలకాల (హెర్వ్‌ల లాంటి రాతల) నుంచి తిరగరాసిన డీఎన్‌ఏ ఉంది. ఊడ్చేవాళ్ళు రాకపోతే చెత్త గుమ్మం దాకా పేరుకుంటుంది. దాన్ని సీగ్యాస్ అనే కావలి ప్రొటీన్ పట్టుకుని స్టింగ్ అనే దానికి చెబుతుంది, స్టింగ్ ఇంటర్‌ఫెరాన్ గంట కొడుతుంది. సీగ్యాస్‌ను 2013లో జేమ్స్ చెన్ బృందం కనిపెట్టింది.

2018లో ఫ్రాన్స్‌లో ఐకార్డీ-గుటియేర్ పిల్లలకు మూడు హెచ్‌ఐవీ మందులు, అబాకవిర్, లామివుడిన్, జిడోవుడిన్, ఏడాది ఇచ్చి చూశారు. ఇంటర్‌ఫెరాన్ మోత తగ్గింది. జబ్బు నయమైందని ఎవరూ అనలేదు. తిరగరాతను ఆపితే గంట నెమ్మదించింది, అంతవరకే. ట్రెక్స్1 లేని ఎలుకల్లో ఇలాంటి మందులు ఒక బృందానికి పనిచేశాయి, ఇంకొకరికి పనిచేయలేదు. పేరుకునే డీఎన్‌ఏ అంతా పాత వైరస్‌లదేనా, మన సొంత డీఎన్‌ఏ తునకలు కూడానా అన్న తగవు నడుస్తూనే ఉంది.

మరి సోరియాసిస్?

ఇక్కడే నేను కాస్త గొంతు తగ్గించాలి.

సోరియాసిస్‌లో చర్మకణం అడుగు నుంచి పైకి వచ్చి రాలడానికి నెల బదులు నాలుగైదు రోజులే పడుతుంది. మా మేనత్తకు మోచేతుల మీద, తలలో. డిసెంబరు పొద్దున్న ఆవిడ దుప్పటి దులిపితే గచ్చు మీద ఉప్పు చల్లినట్టు పొలుసులు రాలేవి. ఇంట్లో ఎవరూ లేవకముందే తడిగుడ్డ పెట్టి తుడిచేసేది. వీధి చివర మందుల షాపులో తామర అనుకుని ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రెండేళ్ళు రాసింది. రాసినన్నాళ్ళూ మెత్తబడేది. ఆపగానే రెట్టింపై తిరిగొచ్చేది.

జన్యుపరంగా సోరియాసిస్‌కు పెద్ద చుట్టం ఆరో క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ-సి06:02. హెచ్‌ఎల్‌ఏ అంటే మనదేదో పరాయిదేదో రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టడానికి తోడ్పడే జన్యువుల గుంపు. అక్కడికి దగ్గరలోనే ఒక హెర్వ్-కె ముక్క ఉంది. అది తయారు చేసే డ్యుటిపేజ్ అనే ప్రొటీన్ సోరియాసిస్‌లో కనబడే టీహెచ్1, టీహెచ్17 (టి కణాల్లో రెండు రకాలు) తరహా వాపు సంకేతాలను రేపుతుందని 2011లో ఒక పరిశోధన. దానిలోని మార్పులకు, సోరియాసిస్ ముప్పుకు సంబంధం ఉందని 2012లో ఇంకొకటి. ఇంతవరకు వింటే దొంగ దొరికిపోయినట్టే అనిపిస్తుంది. కానీ 2014లో మరో బృందం చూస్తే, సోరియాసిస్ మచ్చల్లో హెర్వ్-కె పలకడం మామూలు చర్మం కన్నా తగ్గి ఉంది. దానికి వ్యతిరేక యాంటీబాడీలూ తక్కువే.

ఏది నమ్మాలి? రెండూ నిజం కావచ్చు. హెర్వ్-కె అన్నది ఒక్కటి కాదు, పదుల ప్రతులు. ఎవరు ఏ ప్రతిని కొలిచారో బట్టి జవాబు మారుతుంది. ఒకే ఇంటిపేరున్న ఊళ్ళో "రావుగారు ఇంట్లో ఉన్నారా" అని అడిగినట్టుంటుంది. పైగా ఆరో క్రోమోజోమ్‌లో ఆ ప్రాంతమంతా గుంపుగా వారసత్వంగా వస్తుంది కాబట్టి, అసలు దోషి హెచ్‌ఎల్‌ఏనా, పక్కింటి హెర్వ్‌నా అని విడదీయడం కష్టం. నా అంచనా అడిగితే, సోరియాసిస్‌లో పాత వైరస్ సాక్షి అయితే కావచ్చు, ముద్దాయి అని ఇప్పుడే అనను.

బొల్లికి?

మనుషుల్లో గట్టి ఆధారం లేదు. బొల్లి ముప్పు పెంచే జన్యువుల్లో ఐఎఫ్‌ఐహెచ్1 ఒకటి. అది వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే కావలి కాబట్టి ఆ వైపు చూపు పోవడం సహజం. ఇంకొక సంగతి కోళ్ళది. స్మిత్ జాతి కోళ్ళకు ఈకల రంగు పోయి బొల్లి వస్తుంది. వాటి తల్లిజాతి కోళ్ళు మామూలుగా బాగానే ఉంటాయి. వాటికి మిథైల్ తాళాలు విప్పే 5-అజాసైటిడిన్ ఇస్తే వాటికీ బొల్లి వచ్చింది. ఆ తాళం కింద పాత వైరస్‌లే కాదు, ఇంకా చాలా ఉంటాయి కాబట్టి దాన్ని పట్టుకుని దూరం పోకూడదు.

చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్నది మాత్రం ఏ కోళ్ళలోనూ, ఏ మనుషుల్లోనూ తేలలేదు.

వైరస్ అంటున్నారు కదా, అంటుకుంటుందా?

అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కమీద పడుకున్నా, పెళ్ళి చేసుకున్నా అంటుకోదు. మీ పక్కన కూర్చోవడానికి జంకేవాళ్ళ డీఎన్‌ఏలోనూ అదే 8 శాతం ఉంది.

నా పిల్లలకు వస్తుందా?

పాత వైరస్ రాత అందరి పిల్లలకూ వస్తుంది. దాన్ని పట్టించుకోవక్కర్లేదు. తేడా చేసేది తాళాలను, కావలివాళ్ళను, హెచ్‌ఎల్‌ఏను నడిపే జన్యువుల కలయిక, దానికి తోడు ఎండ, ఇన్ఫెక్షన్లు, మందులు, పొగతాగడం. తల్లికి లూపస్ ఉన్నా ఎక్కువమంది పిల్లలకు రాదు. అచ్చంగా ఒకే పోలికున్న కవలల్లోనే ఒకరికి వచ్చి ఇంకొకరికి రాని సందర్భాలు బోలెడు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రక్తంలో రో అనే యాంటీబాడీ ఉన్న ఆడవాళ్ళు గర్భం దాల్చినప్పుడు ఆ సంగతి వైద్యులకు ముందే చెప్పాలి. అరుదుగా బిడ్డకు మచ్చలు, గుండె లయ ఇబ్బంది రావచ్చు.

రక్తపరీక్షలో హెచ్‌ఐవీ అని తప్పుగా వస్తుందేమో?

పాత వైరస్ ముక్కల వల్ల వస్తుందని భయపడకండి. కానీ లూపస్ ఉన్నవాళ్ళకు తొలి పరీక్షల్లో అరుదుగా తప్పుడు పాజిటివ్ రావడం ఉంది. హెచ్‌ఐవీ కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్ పరీక్ష. లూపస్‌లో ఉండే కొన్ని యాంటీబాడీలు ఆ పరీక్షను మోసం చేస్తాయి. అలాంటి కాగితం చూసి ఇంట్లో గొడవలు పెట్టుకునే ముందు నిర్ధారణ పరీక్ష అడగండి.

హెచ్‌ఐవీ మందులు వేసుకుంటే సోరియాసిస్ తగ్గుతుందని చదివాను.

చదివింది అబద్ధం కాదు, సగమే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో సోరియాసిస్ తీవ్రంగా ఉంటుంది. 1987లో అలాంటి రోగుల్లో జిడోవుడిన్‌తో మచ్చలు తగ్గాయని వైద్యులు రాశారు. వాళ్ళలో ముందు తగ్గింది హెచ్‌ఐవీ. దాని వెంట సోరియాసిస్ తగ్గడంలో వింతేమీ లేదు.

దయచేసి సొంతంగా ప్రయోగం చేయకండి. ఎందుకో ఒక్కటి చెబుతాను. అబాకవిర్ అనే మందు హెచ్‌ఎల్‌ఏ-బి57:01 ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ ఇస్తుంది. అందుకే హెచ్‌ఐవీ రోగులకు ముందు ఆ పరీక్ష చేయమంటారు. సోరియాసిస్‌తో ముడిపడ్డ సి06:02, ఈ బి57 పక్కపక్కనే ఉండి చాలాసార్లు కలిసే వారసత్వంగా వస్తాయి. అంటే ఆ మందు ఎవరు ముట్టకూడదో, వాళ్ళే సోరియాసిస్ రోగుల్లో ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

హెర్వ్ పరీక్ష చేయించుకోవాలా?

అక్కర్లేదు. వైద్యం మార్చగలిగే హెర్వ్ పరీక్ష ఏదీ ఆసుపత్రుల్లో లేదు. ఉందని డబ్బు అడిగితే ఇవ్వకండి. లూపస్ అనుమానముంటే ఏఎన్‌ఏ, డీఎస్-డీఎన్‌ఏ అనే రక్తపరీక్షలు, మూత్రపరీక్ష, అవసరమైతే చర్మం ముక్క తీసి చూడడం, ఇవే. పసితనం నుంచి చలికి వేళ్ళు పుళ్ళయ్యే పిల్లలుంటే మాత్రం ట్రెక్స్1 లాంటి జన్యువుల పరీక్ష గురించి జన్యువైద్యులను అడగడంలో అర్థముంది.

ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు వాడితే పాత వైరస్‌లు అణుగుతాయా?

ఈ జబ్బుల్లో ఇమ్యూనిటీ తగ్గలేదు, దారితప్పి ఎక్కువైంది. దాన్ని ఇంకా పెంచడం మండే పొయ్యిలో కిరసనాయిలు పోయడమే. లూపస్‌లో వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్, సోరియాసిస్‌లో వాడే మెథోట్రెక్సేట్ ఆ మోతను తగ్గించే మందులు. ఎండ పడనివాళ్ళకు గొడుగు, పొడుగు చేతుల జాకెట్టు, సన్‌స్క్రీన్ కూడా మందులో భాగమే. మన వేసవిలో పది నుంచి నాలుగు దాకా బయటి పని పెట్టుకోకపోతే మరీ మంచిది. సోరియాసిస్‌కు వైద్యులే కొలిచి కాంతి చికిత్స ఇస్తారు. ఆ మాట పట్టుకుని లూపస్ ఉన్నవాళ్ళు ఎండలో కూర్చోకూడదు.

మీ మేనత్తగారికి ఇప్పుడెలా ఉంది?

ఈ ప్రశ్న కూడా తరచుగానే వస్తోంది. మోచేతులు దాదాపు శుభ్రమయ్యాయి, తలలో ఇంకా కాస్త ఉంది. చర్మవైద్యుడు మెథోట్రెక్సేట్ రాశారు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. అందుకని క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం మీద ఎర్రపెన్నుతో "మాత్ర" అని రాసిపెట్టింది. రెండు మూడు నెలలకోసారి లివర్ పరీక్ష.

పాత వైరస్‌ల కథంతా ఓపిగ్గా విని ఆవిడ అడిగింది ఒక్కటే: "అయితే ఆ వైరస్ మా నాన్న వైపు నుంచి వచ్చిందా, అమ్మ వైపు నుంచా?"

రెండువైపుల నుంచీ అన్నాను.

"మా అమ్మవైపు ఎవరికీ చర్మజబ్బులు లేవురా" అని ఫోన్ పెట్టేసింది.